ఇంజను జ్వరం చెప్పే చిన్న ముల్లు

ఘాట్ రోడ్డులో ఆగిపోయే డీజిల్ కార్లకు ముందే హెచ్చరిక
హీట్ మీటరు బిగిస్తే చాలదు, చదవడం రావాలి

నరసరావుపేట: రోళ్లు పగిలే రోహిణి కార్తె. వినుకొండ మీదుగా వెళ్లి, దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్న డీజిల్ కారు ఒకటి మలుపులో ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్ముతోంది. లోపలున్న ఏడుగురూ దిగి చెట్టు కిందికి చేరారు. చంటిపిల్ల ఏడుపు ఆపడం లేదు.

"ఏం నాయనా, నీళ్లు పోయకుండానే బయల్దేరావా?" అని పెద్దాయన అడిగాడు.

"నిన్ననే పోశాను తాతా. మీటరు ముల్లు కూడా మధ్యలోనే ఉంది. ఎర్ర దీపం వెలిగింది, చూసేసరికి ఆవిరి లేచింది" అన్నాడు డ్రైవరు.

ఇది ఏ ఒక్క డ్రైవరు కథో కాదు. వేసవిలో ఈ దారి పట్టిన వారికి ఇలా బానెట్ ఎత్తి నిలబెట్టిన కారు ఎక్కడో ఒకచోట కనబడుతూనే ఉంటుంది. ప్రయాణికులు మరో బండి పట్టుకుని పోతారు. కారు మాత్రం తాడు కట్టించుకుని కిందికి వస్తుంది. ఆ తరువాత హెడ్డు విప్పాలి, లేతు పనికి పంపాలి, గాస్కెట్ మార్చాలి. ఖర్చు ఒక ఎత్తు అయితే, బండి షెడ్డులో ఉన్నన్ని రోజులు కిరాయిలు పోవడం మరో ఎత్తు. ఫైనాన్సు వాయిదా మాత్రం ఆగదు.

ఈ నష్టం చాలావరకు తప్పించుకోదగినదే. ఇంజను చల్లబరిచే నీళ్ల వేడిని అంకెల్లో చూపే మీటరు విడిగా బిగించుకుంటే, ఎర్ర దీపం వెలగకముందే సంగతి తెలుస్తుంది. దాని ఖరీదు ఒక కొత్త టైరు ధర కంటే తక్కువే. అయితే ఆ మీటరును ఎక్కడ బిగించాలి, అది చూపే అంకెను ఎలా అర్థం చేసుకోవాలి, ఏ వేళలో దాన్ని నమ్మకూడదు అన్నవి తెలియకపోతే అదీ ఒక అలంకారంగానే మిగిలిపోతుంది.

పాత బండ్లే ఊళ్లకు దిక్కు

పల్నాడు పల్లెల్లో కిరాయికి తిరిగే కారంటే చాలాచోట్ల పాత డీజిల్ బండే. అర్ధరాత్రి కాన్పు కష్టమైతే గుంటూరుకు తీసుకుపోయేది అదే. పెళ్లి చూపులకు, కోటప్పకొండ తిరునాళ్లకు, తిరుపతి మొక్కుకు అదే. అంబాసిడర్ తయారీ 2014లో నిలిచిపోయింది. ఇండికా 2018లో ఆగింది. మారుతి సంస్థ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు చేయడం మానేసింది. కంపెనీలు మానినా ఊళ్లలోని బండ్లు మానలేదు. చేతులు మారుతూ తిరుగుతూనే ఉన్నాయి. బండి వయసు పెరిగేకొద్దీ రేడియేటరు పూడుతుంది, రబ్బరు గొట్టాలు గట్టిపడి చిట్లుతాయి, నీళ్ల పంపు కారుతుంది. కొత్త బండికి అక్కర లేని కాపలా పాత బండికి కావాలి.

చేత్తో చూసిన తరం

ఇంజను వేడిని కనిపెట్టడం మన రైతులకు కొత్త విద్య కాదు. కరెంటు మోటార్లు రాకముందు బావుల మీద ఆయిల్ ఇంజన్లు డబడబలాడిన రోజుల్లో, ఇంజను పక్కన నీళ్ల డ్రమ్ము ఉండేది. ఇంజనులోంచి వేడి నీళ్లు డ్రమ్ముకు, డ్రమ్ములోంచి చల్లటి నీళ్లు ఇంజనుకు వాటంతటవే తిరిగేవి. రైతు మధ్య మధ్య వెళ్లి ఆ గొట్టం మీద చెయ్యి పెట్టి చూసేవాడు. చెయ్యి ఓర్చుకోగలిగితే సరే. చురుక్కుమంటే ఇంజను ఆపేవాడు. ట్రాక్టరు వచ్చాక ఆ పని ముల్లు చూసుకుంది. దుక్కి దున్నేటప్పుడు ముల్లు పచ్చ గీత దాటి ఎర్ర గీత వైపు పోతే, రేడియేటరు జాలీకి అతుక్కున్న చెత్త దులపడం ట్రాక్టరు తోలేవారందరికీ తెలిసిన పనే.

కారు విషయంలో ఈ అలవాటు తప్పిపోయింది. ఇంజను బానెట్ కింద దాగి ఉంటుంది. అద్దాలు ఎత్తి, ఏసీ వేసి, పాట పెట్టుకుని పోయే డ్రైవరుకు ఇంజను ఉక్కపోత తెలియదు.

లోపల జరిగేది ఇదీ

రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1897లో ఆడించి చూపిన ఇంజను సూత్రమే నేటికీ నడుస్తోంది. ఇందులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. గాలిని బలంగా నొక్కితే అదే కాగుతుంది. ఆ కాగిన గాలిలోకి డీజిల్ చిమ్మితే భగ్గుమంటుంది. ఆ క్షణంలో మంట వేడి సుమారు 2000 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరుతుంది. డీజిలు ఇచ్చే శక్తిలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూ మాత్రమే చక్రాలు తిప్పడానికి పనికి వస్తుంది. మిగిలిన దానిలో కొంత పొగ గొట్టం గుండా పోతుంది. దాదాపు అంతే భాగాన్ని నీళ్లు మోసుకుపోవాలి.

ఆ నీళ్లను పంపు తిప్పుతుంది. ఇంజను చుట్టూ తిరిగి కాగిన నీళ్లు రేడియేటరులోకి వచ్చి, గాలికి చల్లబడి మళ్లీ లోపలికి పోతాయి. దారిలో థర్మోస్టాట్ అనే చిన్న తలుపు ఉంటుంది. దానిలో మైనం ఉంటుంది. నీళ్లు 82 నుంచి 88 డిగ్రీల మధ్య వేడెక్కితే మైనం కరిగి ఉబ్బి తలుపు తెరుస్తుంది. అంతవరకు నీళ్లు రేడియేటరుకు పోవు. ఇంజను త్వరగా వేడెక్కడానికే ఈ ఏర్పాటు.

డీజిల్ ఇంజనుకు ఒక తీరు ఉంది. ఊరికే ఆడుతున్నప్పుడు అది అంతగా వేడెక్కదు. తాగే డీజిలు తక్కువ, పీల్చే గాలి ఎక్కువ. బరువు పడినప్పుడే దాని అసలు వేడి బయటపడుతుంది. అందుకే ఇంటి ముందు అరగంట ఆడించి చూసి "బండి చల్లగానే ఉంది" అనుకుంటే మోసపోయినట్టే. నిండా జనం, పైన సామాను, ఏసీ, ఎదురుగా ఎత్తు, వెనుక నుంచి వీచే గాలి కలిస్తే అప్పుడు తెలుస్తుంది రేడియేటరు సత్తా.

కుక్కరు మూత వంటిదే రేడియేటరు మూత

మామూలు ఎసరు 100 డిగ్రీలకు మరుగుతుంది. కొండ మీద ఇంకా ముందే మరుగుతుంది. సుమారు 300 మీటర్ల ఎత్తుకు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుందని లెక్క. తిరుమల ఎత్తు దాదాపు 850 మీటర్లు. అక్కడ మూత లేని గిన్నెలో నీళ్లు 97 డిగ్రీలకే తెర్లుతాయి. ఇంజను ఎక్కువ కష్టపడే చోటే నీళ్ల ఓపిక తగ్గుతుందన్నమాట.

అందుకే రేడియేటరుకు కుక్కరులా బిగువైన మూత పెట్టారు. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. అది లోపల ఆపే ఒత్తిడి. 0.9 మూత సరిగా పట్టి ఉంటే వట్టి నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. నీళ్లూ కూలెంటూ సగం సగం కలిపితే మూత లేకుండానే 106, 107 డిగ్రీల వరకు ఓర్చుకుంటాయి. మూత కూడా బిగువుగా ఉంటే 125 దరిదాపులకు పోతుంది. మూతలోని రబ్బరు వాషరు ఎండిపోయి చీలితే ఈ లాభమంతా పోయినట్టే. ఇంత చిన్న వాషరును పట్టించుకోక పెద్ద ఇంజనును కాల్చుకున్నవారు ఉన్నారు.

నీళ్లు మొత్తంగా మరగకముందే లోపల కొన్ని మూలల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి తగిలిన చోట ఇనుము చల్లబడదు. ఇంజను పై భాగమైన హెడ్డు అల్యూమినియంతో, కింది భాగం పోత ఇనుముతో చేసిన బండ్లు చాలా ఉన్నాయి. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. మితిమీరి కాగితే హెడ్డు వంకరపోతుంది. మధ్యలోని గాస్కెట్ కాలిపోతుంది. అప్పుడు నీళ్లు ఆయిల్లో కలిసి ఆయిల్ పాల చాయలోకి మారుతుంది. పొగ గొట్టం నుంచి తెల్లటి ఆవిరి ఆగకుండా వస్తుంది. ఈ గుర్తులు కనబడ్డాయంటే మెకానిక్కు చేతికి పని దొరికినట్టే.

కారుతో వచ్చిన ముల్లు ఎందుకు కదలదు?

"మా కారులో మీటరు ఉంది కదా, మరొకటి ఎందుకు?" అని అడిగేవారు చాలామంది. కారుతో వచ్చిన ముల్లు చాలా బండ్లలో నిజమైన వేడిని ఉన్నదున్నట్టు చూపదు. ముల్లు కాస్త కదిలినా కొన్నవారు కంగారుపడి షోరూముకు పరుగెత్తుతారని, వేడి కొన్ని పదుల డిగ్రీలు అటూ ఇటూ అయినా ముల్లు నడిమధ్యనే నిలబడేటట్టు తయారు చేస్తారు. కొన్ని బండ్లలో నీళ్లు 80 దగ్గర ఉన్నా, 100 దాటినా ముల్లు తీరు ఒకటే. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యం. చాలా చిన్న కార్లలో అసలు ముల్లే లేదు. చల్లగా ఉంటే నీలి దీపం, మితిమీరితే ఎర్ర దీపం, అంతే. ఊళ్లో దొంగలు పడి పోయాక కూసే కాపలా కుక్క లాంటిది ఆ ఎర్ర దీపం.

విడిగా బిగించే మీటర్లు మూడు రకాలు

మొదటిది పాతకాలపు గొట్టం మీటరు. సన్నటి రాగి గొట్టం చివర చిన్న బుడ్డి ఉంటుంది. అందులో త్వరగా ఆవిరయ్యే ద్రవం ఉంటుంది. బుడ్డి వేడెక్కితే ఒత్తిడి పెరిగి మీటరులోని వంకర గొట్టం విచ్చుకుంటుంది, ముల్లు కదులుతుంది. 1849లో యూజీన్ బోర్డన్ అనే ఫ్రెంచివాడు పేటెంటు పొందిన ఏర్పాటు ఇది. కరెంటు అక్కర లేదు, బ్యాటరీ దిగినా నిజమే చెబుతుంది. కాని రాగి గొట్టాన్ని కోయరాదు, మడత పడనీయరాదు. మడత పడితే మీటరు పారేయవలసిందే.

రెండోది కరెంటు మీటరు. నీళ్లలో సెన్సారు, డ్యాష్‌బోర్డు మీద ముల్లు లేదా అంకెలు. కొన్నిటిలో మనం పెట్టిన డిగ్రీకి చేరగానే కూసే బజరు ఉంటుంది. రోడ్డు మీద చూపు పెట్టే డ్రైవరుకు ఈ బజరు మంచి తోడు. ఏ మీటరుకు వచ్చిన సెన్సారు దానికే వాడాలి. ఒకదాని సెన్సారు మరొకదానికి పెడితే అంకె తప్పు చూపుతుంది.

మూడోది కంప్యూటరు ఉన్న బండ్లకు. 2013 తరువాత వచ్చిన కార్లలో స్టీరింగు కింద 16 సూదుల సాకెట్టు ఉంటుంది. దానికి చిన్న పరికరం తగిలిస్తే, ఇంజను కంప్యూటరు తాను చూస్తున్న నీళ్ల వేడినే డిగ్రీల్లో చూపుతుంది. గొట్టం కోయనక్కర లేదు, వైరు తెంపనక్కర లేదు. గ్యారంటీ ఉన్న బండికి ఇదే మేలు. బండి రోజుల తరబడి నిలిపి ఉంచేటప్పుడు మాత్రం పరికరం తీసి పెట్టుకోవాలి. లేకుంటే బ్యాటరీ తాగుతుంది.

బిగించడంలోనే ఉంది కిటుకు

సెన్సారు ఉండవలసిన చోటు ఇంజను హెడ్డు నుంచి నీళ్లు బయటికి వచ్చే దారి, అదీ థర్మోస్టాట్‌కు ఇవతల, ఇంజను వైపు. అక్కడ తగిన రంధ్రం లేకపోతే పై గొట్టం మధ్యలో లోహపు జాయింటు పెట్టి సెన్సారు బిగిస్తారు. ఇది సులువే కాని ఒక లోపం ఉంది. తలుపు తెరుచుకున్నదాకా ఆ గొట్టంలోకి వేడి నీళ్లు రావు. థర్మోస్టాట్ పట్టేసి తెరుచుకోకపోతే ఇంజను ఉడుకుతున్నా మీటరు చల్లగానే చూపుతుంది. రేడియేటరు నుంచి తిరిగి వచ్చే కింది గొట్టంలో సెన్సారు పెడితే మరీ తప్పు. అక్కడ తెలిసేది చల్లారిన నీళ్ల వేడి.

మరో పొరపాటు ఎర్తు దగ్గర జరుగుతుంది. ఒకే వైరున్న సెన్సారు తన మర ద్వారా ఇంజను ఇనుము నుంచి ఎర్తు తీసుకుంటుంది. రబ్బరు గొట్టం మధ్యన ఉన్న జాయింటుకు ఇంజనుతో తాకిడి లేదు. దానికి వేరే ఎర్తు వైరు వేయకపోతే మీటరు పని చేయదు, లేదా పిచ్చి అంకెలు చూపుతుంది. హెడ్‌లైటు వేయగానే ముల్లు ఎగిరిందంటే దోషం ఇంజనులో లేదు, ఎర్తులో ఉంది. మీటరు కరెంటు లైనులో చిన్న ఫ్యూజు వేయించడం మరవరాదు.

కొత్త మీటరు నిజం చెబుతున్నదో లేదో ఇంట్లోనే పరీక్షించవచ్చు. బిగించే ముందు సెన్సారును మీటరుకు, బ్యాటరీకి కలిపి, దాని కొసను పొయ్యి మీద తెర్లుతున్న నీళ్లలో ముంచాలి. మన మైదానంలో 100కు దగ్గరగా చూపాలి. 90 చూపిందంటే ఆ 10 డిగ్రీల తేడా మనసులో పెట్టుకోవాలి, లేదా మీటరు వాపసు ఇవ్వాలి. మీటరు ఉండవలసింది డ్రైవరు చూపు సహజంగా పడే చోట. గేరు రాడ్డు పక్కన కింద పెడితే దాన్ని చూసేవారు ఉండరు.

మీ బండి అంకె మీకు తెలియాలి

చాలా డీజిల్ కార్లకు 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఆరోగ్యం. ఎత్తు ఎక్కేటప్పుడు కాసేపు 100 దగ్గరికి పోయి, దిగగానే తగ్గితే భయపడనక్కర లేదు. 105 వద్ద బజరు పెట్టుకోవడం మంచిది. 110 దాటితే ఆపవలసిందే. ఇవి మోటు లెక్కలు. కంపెనీ పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి.

అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. మనిషికి ఎలాగో బండికీ అలాగే, దాని మామూలు వేడి దానికి ఉంటుంది. మీటరు పెట్టిన వారం రోజులు రోజూ ఒకే దారిలో, ఒకే తీరున నడిపి అంకె గుర్తు పెట్టుకోవాలి. నిన్నటిదాకా 86 చూపిన బండి ఇవాళ అదే దారిలో, అదే ఎండలో 93 చూపిందంటే, అది ఎర్ర గీతకు ఇంకా దూరమే అయినా ఏదో మొదలైనట్టు. ఆ రోజు చూపించుకుంటే గొట్టం క్లిప్పుతో పోతుంది. పై నెల చూపించుకుంటే హెడ్డుతో పోతుంది.

అంకె నడకను బట్టి రోగమూ కొంత పట్టవచ్చు. బజారులో నిలబడితే పెరిగి, రోడ్డెక్కగానే తగ్గితే ఫ్యాను వైపు చూడాలి. నిలబడితే బాగానే ఉండి, ఎత్తులోనూ వేగంలోనూ పెరిగితే రేడియేటరు పూడినట్టు అనుమానించాలి. ఎంత నడిపినా 70 దాటకపోతే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయింది, లేదా ఎవరో తీసి పారేశారు. "థర్మోస్టాట్ తీసేస్తే బండి చల్లగా ఉంటుంది" అనే మాట షెడ్లలో తరచూ వినబడుతుంది. చల్లటి డీజిల్ ఇంజను ఎక్కువ డీజిలు తాగుతుంది, త్వరగా అరుగుతుంది. కొన్ని బండ్లలో దాన్ని తీసేస్తే నీళ్లు రేడియేటరుకు పోకుండా అడ్డదారిన తిరిగి ఇంజను మరింత వేడెక్కుతుంది కూడా.

మీటరు మోసం చేసే వేళ

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక చేయవలసి ఉంది. మీటరు చూపేది నీళ్ల వేడిని. ఇంజను వేడిని కాదు. నీళ్లు ఉన్నంతవరకు రెండూ ఒకటే. నీళ్లు పోయాయా, మీటరు మాట నీటి మూటే.

దారిలో గొట్టం చిట్లి నీళ్లన్నీ కారిపోయాయనుకోండి. సెన్సారు చుట్టూ ఇప్పుడు గాలీ ఆవిరీ తప్ప నీళ్లు లేవు. వేడి ఇనుము నుంచి నీళ్లకు అందినంత చప్పున గాలికి అందదు. అందువల్ల లోపల ఇంజను కాలిపోతున్నా మీటరు పెరగకపోగా తగ్గవచ్చు. డ్రైవరు "చల్లబడిందిలే" అని యాక్సిలరేటరు తొక్కుతాడు. కొద్ది నిమిషాల్లో ఇంజను పట్టేస్తుంది. మొదట చెప్పిన డ్రైవరు బండిలో మీటరు ఉన్నా, నీళ్లన్నీ ఒక్కసారిగా పోయి ఉంటే అది అతన్ని కాపాడేది కాదు.

కాబట్టి ఎత్తు ఎక్కుతుండగా అంకె కారణం లేకుండా దభీమని పడిపోతే, పెరిగినప్పటి కంటే ఎక్కువ భయపడాలి. వెంటనే ఆపాలి. దీనికి విరుగుడుగా హెడ్డు ఇనుముకే బోల్టుతో బిగించే సెన్సార్లు ఉన్నాయి. అవి నీళ్లున్నా లేకున్నా లోహం వేడి చెబుతాయి. నీటి మట్టం తగ్గితే కూసే అలారాలూ దొరుకుతాయి. ఇవేవీ లేనివారికి అన్నిటికంటే చవకైన ఉపాయం ఒకటుంది. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు నీళ్ల డబ్బా మీది గీతలు చూడడం, బండి కింద నేల మీద తడి ఉందేమో వంగి చూడడం. మీటరు ఉన్నదని ఈ పని మానితే మీటరు మేలు కంటే కీడే చేస్తుంది.

మన నీళ్లలో సున్నం

పల్నాడు నేల సున్నపురాయి నేల. పిడుగురాళ్ల సున్నం బట్టీలకు, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు ఆ రాయే ఆధారం. అదే సున్నం బోరు నీళ్లలోనూ కరిగి ఉంటుంది. నీళ్లు కాచే గిన్నెకు తెల్లటి పెచ్చు కట్టడం ప్రతి ఇంట్లో చూసేదే. రేడియేటరులో బోరు నీళ్లు పోస్తే ఆ పెచ్చే సన్నటి నాళాల్లోనూ, ఇంజను లోపలి గోడలకూ పడుతుంది. వేడిని బయటికి పోనీయదు. రెంటచింతల ఎండలకు ఈ పెచ్చు తోడైతే ఏ బండి అయినా ఉడకవలసిందే.

బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరు, కూలెంటు కలిపి పోయడం ఒక్కటే మార్గం. కూలెంటు చలిదేశాలకే గాని మనకెందుకు అనేవారు ఉన్నారు. గడ్డకట్టకుండా ఆపడం దాని ఒక గుణం మాత్రమే. మరిగే డిగ్రీ పెంచడం, తుప్పు పట్టనీయకపోవడం మనకు పనికివచ్చే గుణాలు. దారిలో ఆపదవేళ చేతికి దొరికిన నీళ్లు పోయవచ్చు. ఇల్లు చేరాక వాటిని తీసి కడిగించి మళ్లీ కూలెంటు పోయించాలి.

వేడెక్కితే చేయవలసినవి

అంకె పెరుగుతున్నదని తెలియగానే మొదట ఏసీ ఆపాలి. గేరు తగ్గించి, వేగం తగ్గించి బరువు తేలిక చేయాలి. బండిలో హీటరు ఉంటే పూర్తిగా తిప్పి అద్దాలు దించాలి. హీటరు కూడా చిన్న రేడియేటరే. ఇంజను వేడిలో కొంత లోపలికి గుంజుతుంది. జనానికి ఉక్క పోసినా ఇంజను బతుకుతుంది.

అప్పటికీ తగ్గకపోతే నీడలో పక్కకు ఆపాలి. నీళ్లు కారడం లేదు, బెల్టు తెగలేదు అని తెలిస్తే, ఇంజనును కాసేపు ఊరికే ఆడనిచ్చి చల్లారనివ్వడం మంచిది. పంపు తిరుగుతూ వేడిని తోడేస్తుంది. ఆవిరి చిమ్ముతున్నా, బెల్టు తెగినా, అంకె ఇంకా పెరుగుతున్నా వెంటనే ఇంజను కట్టేయాలి.

రేడియేటరు మూత మాత్రం అప్పుడు ముట్టరాదు. గుడ్డ పట్టుకుని తిప్పినా ప్రమాదమే. లోపల 100 డిగ్రీలు దాటినా ఒత్తిడి వల్ల మరగకుండా ఉన్న నీళ్లు, మూత వదులు కాగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి లేస్తాయి. గొట్టం చెయ్యి పెట్టి పట్టుకోగలిగినంత చల్లారేదాకా, అరగంటో ముప్పావు గంటో, ఓపిక పట్టాలి. కాగిన ఇంజనులో చల్లటి నీళ్లు ఒక్కసారిగా గుమ్మరిస్తే లోహం చిట్లవచ్చు. కొద్దికొద్దిగా పోయాలి.

ఘాట్‌లో బానెట్ ఎత్తి నిలబడ్డ డ్రైవరుకు చేతిలో నీళ్ల సీసా ఉంటుంది, వెనుక చెట్టు కింద జనం చూస్తూ ఉంటారు. అప్పుడు చేయగలిగింది తక్కువ. చేయవలసిందంతా ఊళ్లోనే, పొద్దున్నే, బండి తీయకముందు ఉంది. డబ్బాలో నీళ్లు గీత వరకు ఉన్నాయా, నిన్నటి అంకె ఎంత, ఇవాళ్టి అంకె ఎంత. ఈ మూడూ చూసుకున్న బండి కొండ ఎక్కుతుంది, దిగుతుంది. కాన్పు నొప్పులతో ఉన్న ఆడకూతురు అర్ధరాత్రి ఆ బండి ఎక్కితే ఆస్పత్రి గడప దాకా తీసుకుపోతుంది.